ఎడమ మలుపులో కిర్రు

ఆ ఆదివారం చెయ్యాల్సిన పని చాలా చిన్నది. పదింటికి కార్లో బయలుదేరి, ఊరికి ఆ చివర ఉన్న వదినగారింటికి వెళ్లి, భోంచేసి, చీకటిపడే లోపు తిరిగి రావడం. భార్య వారం ముందే డ్యూటీ మార్చుకుని సెలవు సంపాదించుకుంది. మామగారు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరూ అడక్కుండానే కారు తుడవడం మొదలుపెట్టారు. అందరూ సిద్ధంగా ఉన్నారు. సిద్ధంగా లేనిది కారు నడపాల్సిన ప్రూఫ్ రీడరు ఒక్కడే. అతనికి లైసెన్సు లేదు.

మొన్నమొన్నటిదాకా ఉండేది. ఇరవై రోజుల కిందట పోయింది. అతను పనిచేసే పాఠ్యపుస్తకాల ప్రెస్సులో మేనేజరుగారికి ప్రమోషన్ వచ్చిందని విందు చేశారు. ప్రూఫ్ రీడరు తాగుబోతు కాదు. అదే వచ్చిన చిక్కు. ఎంత తాగితే ఎంతవుతుందో అతనికి తెలియదు. "ఆఁ, ఎంత తాగానని!" అనుకుంటూ కారెక్కాడు. నాలుగో మలుపు దగ్గర పోలీసాయన ఒక గొట్టం నోటికందించి ఊదమన్నాడు. ఆ యంత్రం అతనితో ఏకీభవించలేదు. వారం తిరక్కుండా మేజిస్ట్రేటుగారు జరిమానా వేసి, ఆరు నెలలు స్టీరింగు ముట్టుకోవద్దని లైసెన్సు తీసేసుకున్నారు. పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పుల కింద ఎర్రగీతలు గీస్తున్న మనిషి, తన పేరు కింద పడ్డ గీతని మాత్రం మడిచి జేబులో దాచుకున్నాడు.

ముఖ్యంగా భార్య కంటపడకుండా. ఆవిడ పెద్దాసుపత్రిలో ప్రమాదాల వార్డు నర్సు. తాగి బండి నడిపేవాళ్ల ప్రస్తావన వస్తే ఆవిడ గొంతు పెంచదు, తగ్గిస్తుంది. ఆ తగ్గిన గొంతు ఒకరోజు తనవైపు తిరుగుతుందేమోనని తల్చుకుంటేనే అతనికి భయం. అందుకని "ప్రెస్సు దగ్గర పార్కింగంతా తవ్వేశారు, కొన్నాళ్లు బస్సే గతి" అని చెప్పి, ఇరవై రోజులుగా బస్సులో వెళ్లొస్తున్నాడు. కారు జోలికి పోలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం అతను తప్పు మీద తప్పు చెయ్యలేదు.

"ఏమండీ, తాళంచెవి ఏదీ? నాన్న అప్పుడే వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు" అంది భార్య గుమ్మంలోంచి.

తలనొప్పి అందామని ముందురోజే అనుకున్నాడు. కానీ నర్సుతో తలనొప్పి అంటే థర్మామీటరు వస్తుంది, బీపీ మిషను వస్తుంది, ఎప్పటినుంచి, ఏ పక్క అనే ప్రశ్నలు వస్తాయి. జబ్బేదో కారుకే అంటగడితే నయం అనిపించింది.

"ఇవాళ టాక్సీలో పోదాం. కార్లో ఏదో శబ్దం వస్తోంది" అన్నాడు.

కారు తలుపు తెరుచుకుంది. మామగారు నెమ్మదిగా కిందికి దిగారు.

"ఎలాంటి శబ్దం?"

"ఏదో... శబ్దం మామయ్యగారూ."

"ఏదో శబ్దం అని ఒక శబ్దం ఉండదు అల్లుడుగారూ. టకటకా? గరగరా? కిర్రుమని సాగుతుందా?"

"మొదట కిర్రు. ఆ తర్వాత టక్కు."

"బ్రేకు వేస్తేనా? మలుపులోనా?"

"మలుపులో." ఇంకా చాలదన్నట్టు చూస్తున్నారని, "ఎడమ మలుపులో" అని చేర్చాడు.

మామగారు చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని రాసుకున్నారు. "ఎడమ మలుపు. మొదట కిర్రు. తర్వాత టక్కు." రాశాక అల్లుడి ముందు అరచెయ్యి చాచారు. "తాళంచెవి ఇలా ఇవ్వండి. నేను చెప్పిందాకా ఈ బండి ఎవరూ ఎక్కకూడదు."

మామగారు బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు మెకానిక్కుగా చేసి కిందటేడు రిటైరయ్యారు. ఆ డిపోలో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు, పనిచేసే భాగం పెట్టి పిలిచేవారు. బ్రేకులు చూసే ఆయన బ్రేకులు. గేర్లు చూసే ఆయన గేరుబాక్సు. మామగారు చూసే భాగమంటూ లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవారు. కాసేపటికి రోగమెక్కడో చెప్పేవారు. అందుకని ఆయన పేరు చెవులు. "చెవుల్ని పిలవండ్రా" అంటే డిపో మొత్తంలో అది చివరి మాట.

ఆ చెవులకి ఏడాదిగా పనిలేదు. అత్తగారు పోయి రెండేళ్లయింది. ఉద్యోగమూ అయిపోయాక ఆయన ఒంటరిగా ఒక గదిలో ఉంటూ, పలకరిస్తే పలికేవారు, లేకపోతే లేదు. అది చూడలేక కూతురు పది రోజుల కిందట బలవంతాన తీసుకొచ్చుకుంది.

టాక్సీలో ఆయన వెనక్కి తిరిగి మరీ చెప్పారు.

"ఒకసారి ఒక డ్రైవరు, బ్రేకు తొక్కితే నిట్టూర్చినట్టు ఉంటోందన్నాడు. నేను విన్నాను, నాకేం వినపడలేదు. నీ భ్రమ, తీసుకెళ్లు అన్నాను. సాయంత్రం దిగుడులో బ్రేకు పడలేదు. దేవుడి దయవల్ల ఎదురుగా ఇసక గుట్ట ఉంది, నలభైమందీ తమ కాళ్లమీద తాము దిగారు. ఆ రోజే అనుకున్నాను, నడిపేవాడు విన్నానంటే ఉన్నట్టే. లేదనే హక్కు మెకానిక్కుకి లేదు."

ప్రూఫ్ రీడరు టాక్సీ కిటికీలోంచి ఊపిరి వదిలాడు. ఇరవై రోజులుగా గుండెల మీద కూర్చున్న బండరాయి దిగిపోయినట్టయింది. కారు అధికారికంగా మూలపడింది. మూలపడేసింది తను కాదు, డిపో చెవులు. వదినగారింట్లో ఆ పూట అతను రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి కారు సీట్లు వాకిట్లో ఉన్నాయి. మంగళవారానికి చక్రాలు దిగాయి. బుధవారం సైలెన్సరు. విప్పినవి మట్టి కాకుండా పెట్టుకోవడానికి ప్రెస్సులో పాడైపోయిన కాగితాలుంటే తెమ్మన్నారు మామగారు. అల్లుడు కట్టలకొద్దీ తెచ్చాడు. ఆరో తరగతి సామాన్యశాస్త్రం పేజీలు వాకిలంతా పరుచుకున్నాయి. జీర్ణవ్యవస్థ మీద సైలెన్సరు, మనిషి గుండె మీద నాలుగు నట్లు, 'కింది ఖాళీలను పూరించండి' మీద సీటు బోల్టులు.

"నాన్న ఇవాళ రెండుసార్లు నవ్వాడండీ" అంది భార్య, కాఫీ గ్లాసు అందిస్తూ. "నట్టు పడిపోతే కారు కింద దూరి వెతుక్కుంటూ పాట కూడా పాడాడు. అమ్మ పోయాక ఆయన పాట వినడం ఇదే."

ప్రూఫ్ రీడరుకి ఆ కాఫీ ఎంతో రుచిగా అనిపించింది. అబద్ధమే, కానీ పనికొచ్చే అబద్ధం, అనుకున్నాడు. అచ్చుతప్పు పడి వాక్యం మెరుగైన సందర్భాలు అతని అనుభవంలో లేకపోలేదు.

కాకపోతే ప్రతి సాయంత్రం ఒక పరీక్ష ఉండేది. మామగారు నోటుబుక్కు తెరిచి, "ఏదీ, ఒక్కసారి ఆ శబ్దం చేసి చూపించండి" అనేవారు. అల్లుడు బస్సు దిగొచ్చిన అలసటతోనే నోరు వంకరపెట్టి "కిర్ర్ర్... టక్" అనేవాడు.

"ఇంకోసారి."

"టక్... కిర్ర్ర్."

"నిన్న కిర్రు ముందు వచ్చింది."

"ఔనా? అయితే కిర్రే ముందు."

"అదేం లేదు, మీ చెవికి గుర్తున్నదే నిజం. తిరగబడి ఉండొచ్చు. తిరగబడిందంటే లోపలెక్కడో వదులైంది." అలా డాష్‌బోర్డు ఊడింది.

రెండో ఆదివారానికి నడవడానికి కావాల్సినవన్నీ తిరిగి బిగించి, వీధి చుట్టూ తిప్పి చూద్దామని మామగారు పాత మిత్రులకి కబురుపెట్టారు. బ్రేకులు వచ్చాడు. భారీ మనిషి, ఏ మాటనైనా సగంలో ఆపేస్తాడు. గేరుబాక్సు వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఒక సంగతి మొదలుపెట్టి ఇంకో సంగతిలోకి మారిపోతాడు. మామగారు స్టీరింగు పట్టారు. మిత్రులిద్దరూ తలోచోటా కూర్చున్నారు. ప్రూఫ్ రీడరుని వెనక సీట్లో కూర్చోబెట్టి, శబ్దం రాగానే చెయ్యెత్తమన్నారు.

మొదటి మలుపు అయింది. ముగ్గురు మెకానిక్కులూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. రెండో మలుపూ అయింది. ఇంక చెయ్యెత్తకపోతే కారు బాగైపోయినట్టే లెక్క, రేపటినుంచి నడపమంటారు. మూడో మలుపులో ప్రూఫ్ రీడరు చెయ్యెత్తాడు.

"అదిగో! విన్నాను!" అన్నాడు బ్రేకులు వెంటనే.

"నేను కిందటి మలుపులోనే విన్నాను. నువ్వు రొప్పుతున్నావని ఊరుకున్నా" అన్నాడు గేరుబాక్సు.

"కుడి పక్కనుంచి కదూ?"

"కుడేమిట్రా, అడుగునుంచి! మా తోడల్లుడి బండిలోనూ ఇలాగే... అన్నట్టు మా తోడల్లుడు ఇల్లు మారాడు, చెప్పానా?"

మామగారు కారు పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, "ఇంకో చుట్టు" అన్నారు. ఇంకో నాలుగు చుట్లు తిరిగారు. చుట్టుకొకటి చొప్పున అందరూ విన్నారు, ఆయన తప్ప.

పక్కింటి టైపిస్టుగారు ప్రహరీ మీదనుంచి తొంగి చూసి, "అమ్మయ్య, ఇప్పటికైనా బాగుచేయిస్తున్నారా? నాకు మా వంటింట్లోకే వినబడుతుంది బాబూ, ఒకటే కిర్రు!" అంది. ఇవాళ్టిదాకా నెలరోజులుగా కారు షెడ్డులోంచి కదలలేదన్న సంగతి ఆవిడకి తట్టలేదు, తట్టిన ప్రూఫ్ రీడరు నోరెత్తలేదు.

ఆ సాయంత్రం మామగారు కూతుర్ని పిలిచారు. "నీకూ వినిపిస్తుందా తల్లీ?"

ఆవిడ తండ్రి వైపు చూసింది, భర్త వైపు చూసింది. మొగుణ్ణి అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టంలేక, "కొంచెం నాన్నా" అంది.

ఆయన నోటుబుక్కు మూసి, పెన్సిలు దానిలోనే పెట్టి, జేబులో కాకుండా అలమర్లో పెట్టేశారు.

అక్కడినుంచి పాట ఆగిపోయింది. ఆయన కారు దగ్గరికి వెళ్లడం మానేశారు. రేడియో పెట్టి, తగ్గించి, పెంచి, మళ్లీ తగ్గించి చూసుకునేవారు. ఒక సాయంత్రం ప్రూఫ్ రీడరు ఇంటికొచ్చేసరికి, హాల్లో గోడగడియారం కింద కుర్చీ వేసుకుని మెడ చాచి కూర్చున్నారు.

"ఇది నడుస్తోందా అల్లుడుగారూ?"

"నడుస్తోందండీ. ఆరూ పది."

"టిక్కుటిక్కు నాకు వినపడ్డంలేదు" అన్నారాయన, ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

అది చప్పుడు చెయ్యని రకం గడియారం. చప్పుడు ఉండదనే కొన్నారు. ఆ మాట చెప్పాడు. మామగారు నవ్వి, అల్లుడి భుజం తట్టారు. "మీరు మంచివారు" అన్నారు. నమ్మలేదని ఆ తట్టడంలోనే తెలిసిపోయింది.

ప్రూఫ్ రీడరుకి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే ధైర్యం చేసి, నిజం చెప్పే ధైర్యం కాదు, దానికి ఒక మెట్టు కింద ఉండే ధైర్యం చేసి, "మామయ్యగారూ, ఆ శబ్దం పోయిందండీ. మీరు ఏదో బిగించారు, పోయింది" అన్నాడు.

మామగారు తల అడ్డంగా ఊపారు. "శబ్దం దానంతటది పోదు బాబూ. పోయిందంటే అరుగుతున్నది కాస్తా విరిగిందని. అప్పుడింకా ప్రమాదం. అయినా మీరు నా ముసలితనం చూసి జాలిపడుతున్నారు, నాకు అర్థమవుతూనే ఉంది."

ఇది విన్న భార్య హడలిపోయింది. "విరిగిందా! ఏమండీ, ఆ కారు అమ్మేద్దాం. ఇంకా ఆలోచించకండి." ఆ రోజే తన ఆసుపత్రిలో చెవుల డాక్టరుకి చెప్పి తండ్రికి పరీక్ష రాయించుకొచ్చింది. ఆయన వద్దన్నారు. వెళ్లి వినేదేముంది, వినపడట్లేదని చెబితే అదైనా వినపడుతుందో లేదో, అన్నారు. అది నవ్వులాటగా అన్నదే. ఎవరూ నవ్వలేదు.

వారం గడిచింది. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరుని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, గేరుబాక్సుకి పంపేశారు. పానాల పెట్టె బ్రేకులుకి ఇస్తానన్నారు. తన గదికి తను వెళ్లిపోతానన్నారు. "ఇక్కడుండి మీ బండిని మరింత పాడుచేశాను" అన్నారు.

నాలుగో ఆదివారం పొద్దున్న పెట్టె తీసుకెళ్లడానికి బ్రేకులు వచ్చాడు. తోడుగా గేరుబాక్సూ వచ్చాడు. భార్య డ్యూటీకి తెల్లచీరలో సిద్ధమై గేటు దగ్గర నిలబడింది. మామగారు పెట్టె బ్రేకులు చేతుల్లో పెట్టి, ఆగారు.

"ఒక్కసారి. ఆఖరిసారి. ఇన్నాళ్లూ నేను నడిపాను, అది తప్పు. శబ్దం విన్నది అల్లుడుగారు. ఆయన నడిపితేనే వస్తుందేమో. నాలుగు మలుపులు తిరుగుదాం. ఏ మలుపులో వచ్చిందో తిరిగొచ్చాక ఆయనో కాగితం మీద రాస్తారు, నేనో కాగితం మీద రాస్తాను. రెండూ కలిస్తే పెట్టె నాది. కలవకపోతే నీది."

"న్యాయంగా ఉంది" అన్నాడు గేరుబాక్సు.

ప్రూఫ్ రీడరుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. మామగారు పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. మూడున్నర దశాబ్దాల గ్రీజు గోళ్ల అంచుల్లో ఇంకా సన్నగా ఉంది. అతను ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. నడిపితే కోర్టుకి ద్రోహం. నడపకపోతే ఈయనకి. తిరిగొచ్చి ఏ మలుపు రాసినా ఆ కాగితం, ఈ కాగితం కలవవు. ఎందుకంటే ఈయన వినపడనిదాన్ని వినపడిందని రాసే రకం కాదు. ఏ మలుపులోనూ రాలేదని రాస్తే, మళ్లీ జాలిపడ్డాడనే అనుకుంటారు.

తాళంచెవి తిప్పకుండానే బయటికి తీశాడు.

"మామయ్యగారూ, నేను నడపకూడదు."

"ఏం, కాలు నొప్పా?"

"లైసెన్సు లేదు."

"లోపల మర్చిపోయారా? తెచ్చుకోండి, ఆగుతాం" అన్నాడు బయటనుంచి బ్రేకులు.

"లోపల లేదు. కోర్టు తీసుకుంది." అతను స్టీరింగునే చూస్తూ, ప్రూఫు చదివినట్టు ఒక్కో మాటా విడివిడిగా చెప్పుకుపోయాడు. "మేనేజరుగారి విందులో తాగాను. తాగి నడిపాను. పట్టుకున్నారు. ఆరు నెలలు. పార్కింగు ఎవరూ తవ్వలేదు. ఇంట్లో చెప్పలేక కారు మీదికి నెట్టాను."

మామగారు కళ్లు తెరిచారు.

"అంటే... ఆ శబ్దం?"

"లేదండీ."

"ఎడమ మలుపులో?"

"లేదు."

"పోనీ కుడి మలుపులో?"

"ఏ మలుపులోనూ లేదు మామయ్యగారూ. ఎప్పుడూ లేదు. ఈ వీధిలో ఇంత నిశ్శబ్దమైన కారు ఇంకోటి లేదు."

మామగారు తలుపు తీసుకుని దిగారు. వీధి మధ్యకి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, మళ్లీ కళ్లు మూసుకున్నారు. తిట్టబోయేముందు ఊపిరి పీల్చుకుంటున్నారని ప్రూఫ్ రీడరు మెడ వంచుకున్నాడు.

"టైపిస్టుగారూ!" అని కేకేశారాయన. "మీ వెనకవైపు కుళాయి కారుతోంది. బొట్టుబొట్టుగా. రేకు డబ్బాలో పడుతోంది."

"అయ్యో, అవునండీ, రెండ్రోజులై! మీకెలా తెలుసు?" అంది ప్రహరీ అవతలి గొంతు.

మామగారి మొహం విప్పారింది. ఆయన వయసు అక్కడికక్కడే పదేళ్లు తగ్గింది. ఆ తగ్గిన పదేళ్ల బలంతో ఆయన మిత్రుల వైపు తిరిగారు.

"ఏరా బ్రేకులూ! ఏ పక్కనుంచి విన్నావు? కుడి పక్కనుంచా?"

"అంటే... అల్లుడుగారు చెయ్యెత్తారు కదా అని, మర్యాదకి..."

"నువ్వో? అంతకుముందు మలుపులోనే విన్నావే! వీడు రొప్పుతున్నాడని ఊరుకున్నావే!"

గేరుబాక్సు పొడుగంతా ముడుచుకుపోయింది. "వీడు విన్నానన్నాక నేను వినలేదంటే, గేరుబాక్సుకి చెముడొచ్చిందని ఊరంతా చెబుతాడు కదా. అన్నట్టు మా తోడల్లుడు..."

"నీ తోడల్లుడి సంగతి తర్వాత. నా స్క్రూడ్రైవరు నాకు పంపించు. కాదు, నేనే వచ్చి తీసుకుంటాను, రేపే!" పానాల పెట్టె బ్రేకులు చేతుల్లోంచి లాక్కుని ఆయన అల్లుడి దగ్గరికొచ్చారు. "మీరు చేసింది చాలా పెద్ద తప్పు అల్లుడుగారూ. రేపు తిడతాను. తప్పకుండా తిడతాను. ఇవాళ మటుకు నాకు కోపం రావడంలేదు, ఏం చెయ్యను, ఒళ్లంతా తేలిగ్గా ఉంది."

గేటు దగ్గర్నుంచి భార్య కదిలింది. ఆవిడ గొంతు తగ్గింది. అతను ఇన్నాళ్లూ భయపడ్డంతగానే తగ్గింది.

"ఏ రోజండీ అది?"

చెప్పాడు.

"ఆ పూట నేను డ్యూటీలోనే ఉన్నాను. వార్డుకి ఎవరెవరు వచ్చారో నాకు బాగా గుర్తు." ఆవిడ అతని ముందుకొచ్చి నిలబడింది. "నేను రోజూ కట్లుకట్టేది తాగి నడిపినవాళ్లకి కాదండీ. వాళ్లు గుద్దినవాళ్లకి. ఆ పూట వచ్చినవాళ్లలో మీ కారు కింద పడ్డవాళ్లు లేరు. ఈ నెలన్నరలో మీరు నాకు చెప్పిన ఒక్క మంచిమాట ఇదే. అదీ మీరు చెప్పలేదు, నేనే ఏరుకున్నాను."

"తప్పయిపోయింది" అన్నాడతను. ఆ మాట అంటే నోరు కాలిపోతుందనుకున్నాడు. కాలలేదు. పైగా చల్లగా ఉంది.

"మిమ్మల్ని ఆపిన పోలీసాయన ఏ మలుపులో ఉంటాడో చెప్పండి. ఓసారి వెళ్లి దండం పెట్టొస్తాను." చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని, చేతి గడియారం చూసుకుంది. "ఇంకా ఎన్నాళ్లుంది?"

"నాలుగు నెలల ఇరవై రోజులు."

"డాష్‌బోర్డు పూర్తిగా బిగించి, తలుపుల రేకులు సర్దడానికి నాకు పది రోజులు చాలమ్మా!" అన్నారు మామగారు ఉత్సాహంగా.

"తొందరేం లేదు నాన్నా. నీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా చెయ్యి. బిగించాక ఒకసారి విప్పి మళ్లీ బిగించు" అని, భర్త చేతిలోంచి తాళంచెవి తీసుకుని సంచిలో వేసుకుని, ఆవిడ డ్యూటీకి వెళ్లిపోయింది. వీధి చివర మలుపు తిరిగే ముందు ఒకసారి ఆగి వెనక్కి చూసింది. కోపంగానే చూసింది. కానీ చూసింది. ప్రూఫ్ రీడరుకి ఆ రోజుకి అది చాలింది.

ఆ రోజు అతను ఏ అబద్ధమూ గుర్తుపెట్టుకోకుండా భోంచేశాడు. పార్కింగు ఎంతవరకు తవ్వారు, కిర్రు ముందా టక్కు ముందా అనే బరువులేవీ లేవు. తలగడ మీద తల ఆనించిందే తడవు నిద్రపట్టేసింది.

సోమవారం పొద్దున్న మామగారు ముందు మాటిచ్చినట్టే కాఫీ దగ్గర పది నిమిషాలు తిట్టారు. తిట్టడం అయ్యాక, "పదండి, నేనూ మీ బస్సులోనే వస్తాను. గేరుబాక్సు ఇల్లు ఆ దారిలోనే" అన్నారు. మామా అల్లుళ్లు డ్రైవరు వెనకే సీటు దొరికితే కూర్చున్నారు. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. దాచాల్సినదేదీ లేని మనిషికి బస్సు ప్రయాణం ఇంత హాయిగా ఉంటుందని ప్రూఫ్ రీడరుకి ఆ రోజే తెలిసింది. ప్రెస్సు ఇంటినుంచి నలభై నిమిషాల నడక దూరం. బస్సులో పదే పది నిమిషాలు. కోర్టు ఏం తీసుకున్నా ఈ బస్సుని వదిలేసింది కదా, అదే పదివేలు, అనుకున్నాడు.

రెండో స్టాపు దాటగానే మామగారు నిటారుగా అయ్యారు. తల ఒక పక్కకి వాల్చారు.

"డ్రైవరుగారూ, వెనక ఇరుసు దగ్గర బేరింగు ఏడుస్తోంది."

డ్రైవరు అద్దంలోంచి ఆయన్ని చూశాడు. ఆ చూపులో, ఎడారిలో నీళ్లు కనపడ్డవాడి ఆత్రం ఉంది. "మీకు వినపడిందా పెద్దాయనా? నెలనుంచి రాసిస్తున్నాను. ఏం లేదు, నీ భ్రమ, తీసుకెళ్లు అంటున్నారు!"

"ఎవరన్నారామాట?" మామగారు లేచి నిలబడ్డారు. "ప్రయాణికుల్ని దింపండి. బండి నేరుగా డిపోకి పోనియ్యండి. చెవులు వచ్చాడని చెప్పండి, నేను చూసుకుంటాను."

"మామయ్యగారూ, నా ఆఫీసు..." అన్నాడు ప్రూఫ్ రీడరు.

"మీరు దిగండి అల్లుడుగారూ, జాగ్రత్తగా. ఈ బండిలో ఇంక ఒక్కరు కూడా ఎక్కడానికి వీల్లేదు."

బేరింగు నిజంగానే పగిలే దశలో ఉందట. డిపో అంతా మామగారి చుట్టూ మూగిందట. డ్రైవరు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదట. బస్సుని జాకీల మీద ఎక్కించి, ఆయన అడిగినన్నాళ్లు ఆయనకే అప్పగించారట. సాయంత్రం ఒంటినిండా గ్రీజుతో, పాట పాడుకుంటూ ఇంటికొచ్చి ఆయనే ఇదంతా చెప్పారు. ఆ రూటుకి బదులు బస్సు లేదని కూడా, సంతోషంలో, చివర్న చెప్పారు.

మర్నాటినుంచి ప్రూఫ్ రీడరు ప్రెస్సుకి నడిచే వెళ్తున్నాడు. కారు విషయంలో కోర్టు ఆరు నెలలని గడువైనా చెప్పింది. బస్సు విషయంలో మామగారు అదీ చెప్పలేదు.